రాత్రి రెండు గంటలకు ఫోనెత్తేవాళ్లు



ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను. నేనెత్తిన కాల్స్‌లో బయటికి చెప్పదగ్గది ఇదొక్కటే. ఎందుకంటే అందులో అవతలి మనిషి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

రాత్రి రెండు దాటింది. ఫోన్ మోగింది. ఎత్తి మా హెల్ప్‌లైన్ పేరు చెప్పాను. జవాబు లేదు. అలాగని లైన్ కట్ కాలేదు, ఊపిరి వినపడుతోంది. వెనకెక్కడో ఫ్రిజ్ గుర్రుమంటోంది. "నేనిక్కడే ఉన్నాను. మీకెప్పుడు మాట్లాడాలనిపిస్తే అప్పుడే మాట్లాడండి" అన్నాను. మళ్లీ ఊపిరి, మళ్లీ ఫ్రిజ్. మనకు ఫోన్‌లో నిశ్శబ్దమంటే సిగ్నల్ పోయినట్టు. "హలో హలో, వినపడుతుందా" అని గట్టిగా అరుస్తాం. ఆ హలో నా గొంతు దాకా వచ్చింది, మింగేశాను. ఐదారు నిమిషాలకోసారి అదే మాట మెల్లగా చెప్తూ ముప్పావుగంట కూర్చున్నాను. చివరికి ముక్కు చీదిన చప్పుడు, ఆ వెంటనే ఫోన్ పెట్టేసిన చప్పుడు. రిజిస్టర్‌లో "మౌనం, 45 నిమిషాలు" అని రాశాను. పక్క కుర్చీలోని తోటి వలంటీర్ నా ముందు టీ కప్పు పెట్టింది, ఏమైందని అడగలేదు.

ఇది ఇంగ్లండ్‌లో నేను ఎమ్మెస్సీ చదివిన ఏడాది నాటి మాట. అక్కడి విశ్వవిద్యాలయాల్లో నైట్‌లైన్ అని ఒకటుంటుంది. మొదటిది 1970లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. విద్యార్థులే నడుపుతారు, విద్యార్థులే ఫోన్లెత్తుతారు, ఫోన్ చేసేదీ విద్యార్థులే. కాలేజీ ఆఫీసులు మూసేసి, డాక్టర్ ఇంటికెళ్లిపోయి, స్నేహితులు పడుకున్న వేళకు ఈ గది తెరుచుకుంటుంది. తెల్లవారేదాకా ఇద్దరు వలంటీర్లుంటారు. పేరడగరు, ఊరడగరు. సలహా ఇవ్వరు.

ఇంకో నియమం ఉంది. నువ్వు వలంటీర్‌వని నీ స్నేహితులకు కూడా తెలియకూడదు. రేపు నీ క్లాసులోని పిల్లే ఫోన్ చేయొచ్చు, అవతల ఉన్నది నువ్వని తెలిస్తే నోరు విప్పదు. నియమం మంచిదే. కానీ నాతో ఒకే ఇంట్లో ఉన్న ముగ్గురు తెలుగమ్మాయిలకు ఏం చెప్పను? పదిహేను రోజులకోసారి రాత్రి స్వెటర్ వేసుకుని బయటికి పోయి, పొద్దున ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చేదాన్ని. "ఎవలన్న దొరికిండ్రానే?" అని ఒకామె వంటింట్లో సూటిగానే అడిగింది. లైబ్రరీ అన్నాను. నమ్మలేదు. చదువైపోయి సర్టిఫికెట్ చేతికొచ్చాక నిజం చెప్తే, అప్పుడు అంతకన్నా నమ్మలేదు.

శిక్షణ సంగతి చెప్పాలి. నేనక్కడ బొక్కబోర్లా పడ్డాను.

ఇద్దరేసి చొప్పున వీపులు ఆనించి కూర్చోబెట్టారు, మొహాలు కనపడకూడదని. ఒకరు చీటీలో రాసిచ్చిన పాత్రలో ఫోన్ చేసినట్టు నటించాలి, ఒకరు వినాలి. నా జోడీ అమ్మాయి తను హాస్టల్లో ఒంటరిగా ఉన్నానని, తిండి సయించడం లేదని మొదలుపెట్టింది. నాకు పాపమనిపించింది. పొద్దున్నే లేచి నడవమన్నాను. రోజూ అమ్మతో మాట్లాడమన్నాను. ఏదైనా సంఘంలో చేరమన్నాను. ఇదంతా రెండేళ్లలో సర్దుకుంటుందన్నాను. మూడు నిమిషాలు కాలేదు, నాలుగు సలహాలిచ్చాను. శిక్షకుడు ఆపి, "ఆమె ఏం చెప్పిందో ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాడు. ఒంటరిగా ఉందని చెప్పింది, తిండి సయించట్లేదంది, ఆ తర్వాత? ఆ తర్వాత ఆమె మాట్లాడనేలేదు, మాట్లాడిందంతా నేనే. "మీ అమ్మతో మాట్లాడు" అని నేనన్న ఆమె పాత్రకు, ఆ చీటీలో రాసినదాని ప్రకారం, అమ్మ ఆరు నెలల కింద చనిపోయింది.

కరీంనగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా ఇళ్లల్లో ఎవరికైనా కష్టం వచ్చిందంటే పదిమందీ వచ్చి తలా ఒక మాట చెప్పిపోతారు. జ్వరమొస్తే కషాయం చెప్తారు, మార్కులు తగ్గితే ట్యూషన్ చెప్తారు, పెళ్లి కాకపోతే గుడి చెప్తారు. ప్రేమ లేక కాదు, ప్రేమ అలా బయటపడుతుంది. కానీ చెప్పే నోరు ఆగదు కాబట్టి వినే చెవికి పని దొరకదు. ఆ శిక్షణ వారాంతాల్లో నేను నేర్చుకున్నదంతా నోరు మూసుకోవడమే. ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

నేర్చుకున్నది ఇంకొకటుంది, అది ముఖ్యం. అవతలి మనిషి మాటల్లో బతుకు మీద విరక్తి కనిపిస్తే, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగాలి. మొదటిసారి నా నాలుక తిరగలేదు. మన దగ్గరైతే ఆ మాటే అశుభం, పలికితే తథాస్తు దేవతలుంటారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం కూడా ఉంది. అది నిజం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే పుట్టదు, లోపల ఒక్కరే మోస్తున్నదాన్ని కిందికి దించడానికి చోటు దొరుకుతుంది. "అవును" అన్న జవాబు వచ్చినప్పుడు గాబరాపడకుండా, తిట్టకుండా, "ఛ ఛ, అట్లనొద్దు" అనకుండా కూర్చోవాలి. ప్రమాదం దగ్గరగా ఉందనిపిస్తే మాత్రం వినడం ఒక్కటే సరిపోదు. మనిషిని ఒంటరిగా వదలకూడదు, మన దగ్గరైతే 108కో 112కో ఫోన్ చేయాలి.

ఈ పద్ధతంతటికీ మూలం లండన్‌లో చాద్ వరా అనే ఒక క్రైస్తవ పాస్టర్. ఆయన 1935లో, కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, మొదటిసారి జరిపిన అంత్యక్రియలు ఒక పద్నాలుగేళ్ల అమ్మాయివి. నెలసరి మొదలైతే అదేదో పాడు జబ్బనుకుంది, అడగడానికి మనిషి దొరకలేదు, ప్రాణం తీసుకుంది. అది ఆయన మనసులో పద్దెనిమిదేళ్లు ఉండిపోయింది. 1953 నవంబర్ 2న తన చర్చిలో ఒక టెలిఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు, చనిపోవాలనుకునేవాళ్లు నాకు ఫోన్ చేయండి అని. ఫోన్లే కాదు, మనుషులే రావడం మొదలైంది. ఆయన కోసం వరసలో కాచుకున్నవాళ్లకు టీ ఇవ్వడానికి కొందరు మామూలు మనుషులు స్వచ్ఛందంగా వచ్చారు. కొన్ని నెలల్లో ఆయన ఒకటి గమనించాడు. టీ ఇచ్చేవాళ్లతో మాట్లాడాక చాలామంది ఇక పాస్టర్‌ని చూడకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. మరుసటి ఏడాదికల్లా ఫోన్ బాధ్యత ఆ టీ ఇచ్చేవాళ్లకే ఒప్పగించాడు. సమారిటన్స్ అనే సంస్థ అలా నిలబడింది. నాకు ఆ కథలో పాస్టర్ కన్నా టీ కప్పే ఇష్టం.

మన వైపు చూస్తే 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ అనే సంస్థ పెట్టారు. హైదరాబాద్ జంటనగరాల్లో 1997 నుంచి రోష్ని ఉంది. రెండింట్లోనూ ఫోనెత్తేవాళ్లు వలంటీర్లే. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. నంబర్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. నంబర్ మళ్లీ చెప్తాను, దగ్గర పెన్నుంటే రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఫోన్ చేస్తే కేసవుతుందేమోనని కొందరికి భయం. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ 309కు 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చాలావరకు కోరలు పీకింది. 2024 జూలై 1న వచ్చిన కొత్త నేరస్మృతిలో ఆ సెక్షనే లేదు. చట్టం ఇప్పుడు ఆ మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూస్తుంది, నేరస్థుడిగా కాదు.

ఈ రేడియో వింటున్న ఆదిలాబాద్ శ్రోతలు ఈపాటికి అనుకుంటుండాలి, మన జిల్లా సంగతి చెప్పకుండా లండన్ లెక్కలెందుకని. వస్తున్నా. మన దగ్గర జరిగినది నా నైట్‌లైన్ పాఠాన్నే తలకిందులు చేసింది.

2017లో వికారాబాద్ జిల్లాలో కిసాన్ మిత్ర అనే హెల్ప్‌లైన్ మొదలైంది. దివ్య దేవరాజన్ గారు అప్పుడక్కడ కలెక్టర్. ఆమె ఆదిలాబాద్‌కు బదిలీ అయ్యాక ఆ హెల్ప్‌లైన్ ఇక్కడికీ వచ్చింది, మంచిర్యాలకూ పాకింది. రైతు ఫోన్ చేస్తాడు. ఎత్తినవాళ్లు వింటారు. కానీ అక్కడితో ఆగరు. పట్టా పాసుపుస్తకం రాలేదంటే సమస్య రాసుకుని సంబంధిత మండల అధికారికి పంపుతారు. బ్యాంకులో లోను కోసం తిప్పుతున్నారంటే బ్యాంకుకు చెప్తారు. అవసరమైతే మనిషి ఊరికి వెళ్లి ఇంటి ముందు కూర్చుంటాడు. పని అయ్యేదాకా ఆ ఫిర్యాదును మూసేయరు.

నైట్‌లైన్‌లో నాకు నేర్పిన మొదటి సూత్రం ఏంటి? సమస్య పరిష్కరించకు, విను. ఇక్కడి పత్తి రైతు ముందు ఆ సూత్రం నిలవదు. అతని రంది అతని మనసులో పుట్టింది కాదు, తహసీల్దార్ ఆఫీసులోని ఒక ఫైల్లో పుట్టింది. "మీకు చాలా బాధగా ఉన్నట్టుంది" అని మెత్తగా అంటే, "బాధ గాకపోతే ఏముంటదమ్మా, నా నాలుగెకరాలు ఇంకొకని పేరు మీద ఎక్కింది" అంటాడు. అప్పుడు కావాల్సింది చెవి, ఆ చెవికి వెనక ఒక చెయ్యి. చదువుకునే పిల్లల విషయంలోనూ కొంత ఇదే నిజం. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్ ఆగిపోయిన పిల్లకు ఓదార్పు మాత్రమే ఇచ్చి ఫోన్ పెట్టేస్తే అది సాయం కాదు.

దివ్య దేవరాజన్ గారి గురించి ఇంకొక సంగతి అందరికీ తెలిసిందే. ఆమె గోండి నేర్చుకున్నారు. దర్బారుకొచ్చిన ఆదివాసులతో దుబాసీ లేకుండా వాళ్ల భాషలోనే మాట్లాడారు. తోటి అనే తెగవాళ్లు తమ గూడేనికి దివ్యగూడ అని పేరు పెట్టుకున్నారు. రోడ్డు వేసిన కలెక్టర్లు చాలామంది ఉంటారు, వాళ్ల పేర్లు శిలాఫలకాల మీదుంటాయి. ఈ పేరు ఊరికి పడింది. భాషకు అంత బలముంది.

అందుకే భాష గురించి నాలుగు మాటలు. ఇంగ్లండ్ నుంచి వచ్చాక కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఒకసారి క్లాసులో 'డిప్రెషన్' అనే మాటకు తెలుగు అడిగాను. పుస్తకం తెలుగులో కుంగుబాటు అన్నారు. ఇంట్లో ఏమంటారని అడిగాను. అంతే, క్లాసంతా లేచింది. రంది. మనాది. బుగులు. పరేషాన్. యాష్టకొచ్చింది. మనసున పడ్తలేదు. పానం మంచిగ లేదు. ఒక్కో మాటకూ ఒక్కో బరువుంది. రంది పెట్టుకున్నవాడు అన్నం మానేస్తాడు కానీ పనికి పోతాడు. మనాది పట్టినవాడు మంచంలో పడతాడు. బుగులు రాత్రిపూట వస్తుంది. ఇక "పానం మంచిగ లేదు" అన్నది అన్నిటికన్నా లోతైన మాట. అది ఒంటి సంగతో మనసు సంగతో మనం విడదీసి చెప్పం, రెండూ పానమే. జ్వరమనుకుని గోలీ చేతిలో పెడితే ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది. "పానమేమైంది బిడ్డా?" అని ఇంకొక్క ప్రశ్న అడిగితే తలుపు తెరుచుకుంటుంది. హెల్ప్‌లైన్‌లో కూర్చునేవాళ్లకు ఈ మాటలు తెలియాలి. ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో ఏడ్చే పిల్లకైతే గోండిలో, కొలామీలో వచ్చే పలకరింపు కావాలి. ఈ ఆదిలాబాద్ రేడియోలోనే గోండి వింటున్నాం కదా, ఫోన్‌లో ఎందుకు వినకూడదు?

మన పక్క విద్యార్థుల రాత్రి హెల్ప్‌లైన్ ఒకటి రావాలన్నది నా కోరిక. దాచుకోను. బాసర ట్రిపుల్ ఐటీనే తీసుకోండి. 2008లో పెట్టారు. పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ల చదువు. పదిహేనేళ్లకు ఊరు వదిలిన పిల్ల ఇరవై ఒకటికి బయటికొస్తుంది. ఆ ఆరేళ్లలో ఎన్ని రాత్రులుంటాయి! 2022 జూన్‌లో ఆ పిల్లలే వసతుల కోసం రోజుల తరబడి శాంతంగా కూర్చున్నారు, ఎండకూ వానకూ లేవలేదు. ఎవరెప్పుడు కూర్చోవాలో, ఎవరు మాట్లాడాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. ఆ పద్ధతి, ఆ ఓపిక ఉన్నవాళ్లకు రాత్రి రెండు కుర్చీల గది నడపడం పెద్ద పనేం కాదు.

పెద్ద పని వేరే ఉంది. ఫోన్ ఎవరి చేతిలో ఉంది? మా కరీంనగర్‌లో చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. వారానికోసారి వార్డెన్ గదిలో, వార్డెన్ ఎదురుగా, ఇంటికి మాట్లాడాలి. ఆ ఫోన్ నుంచి ఏ పిల్ల "నాకు బతకాలని లేదు" అని చెప్పగలదు? ఇంట్లో ఉన్నవాళ్ల సంగతీ అంతే. రెండు గదుల ఇల్లు, వరసగా పరుపులు, నాన్న గురక. మాట్లాడాలంటే డాబా ఎక్కాలి, డాబా ఎక్కితే "గీ రాత్రి ఎవలతోని?" అన్న ప్రశ్న వస్తుంది, ఆడపిల్లకైతే ఆ ప్రశ్న ఒక్కటి చాలు. ఆదిలాబాద్ ఏజెన్సీలో కొన్ని గూడేల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. అందుకని నంబర్ గోడ మీద రాసినంత మాత్రాన అయిపోదు. టైపు చేసి మాట్లాడే చాట్ కావాలి. హాస్టల్ వరండాలో, ఎవరూ వినని మూలన, ఎవరినీ అడగక్కర్లేని ఒక ఫోన్ కావాలి.

ఫోన్లు చేసేది పిల్లలే కానక్కర్లేదు కూడా. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ అరుదు. దుబాయ్‌లో పని దిగి, వండుకుని తిని, క్యాంపు మంచం మీద వాలేసరికి రాత్రి పదకొండు. ఇక్కడ పన్నెండున్నర. అప్పటికి అమ్మ పడుకునుంటుంది, లేపి ఏడ్వలేడు. ఆ గంటన్నర తేడా మధ్యలో ఎంతమంది ఫోన్ చేతిలో పట్టుకుని ఊరికే చూస్తుంటారో.

2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ వారం పత్రికల్లో ఒక్కో పిల్లకు ఒక్కో కారణం రాశారు, సగం పంక్తిలో. ఫెయిలైందని, మార్కులు తగ్గాయని. ఒక మనిషి పోవడానికి కారణం సగం పంక్తిలో పట్టదు. ఆ పిల్లలు అంతకుముందు ఎన్ని రాత్రులు మేలుకున్నారో ఎవరం లెక్కపెట్టలేదు.

ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చాక మా అమ్మకు కూడా అసలు సంగతి చెప్పాను. ఆమె ప్రశ్నలు వరసగా వచ్చాయి.

"రాత్రంత గదే పనా?"

"అవునమ్మా."

"జీతమెంతిచ్చిండ్రు?"

"జీతం లేదు."

"మరి ఫోన్ జేసినోళ్లకు ఏం జెప్తుంటివి?"

"ఏం చెప్పేది లేదమ్మా. వినుడే."

కాసేపు ఆలోచించి, "గంతదూరం పోయి నేర్చుకున్నది గిదేనా? మీ నాయినమ్మ పలకరియ్యబోతే చేసేది గదే గదా" అంది.

నిజమే. మా వైపు ఇంట్లో చావు జరిగినా, మనిషి మంచాన పడ్డా "పలకరిచ్చి వద్దాం" అని పోతారు. పేరుకు పలకరింపే కానీ, మా నాయనమ్మ పోయి ఏమీ పలికేది కాదు. కొంగు నిండా కప్పుకుని ఆ ఇంటావిడ పక్కన గోడకానుకుని కూర్చునేది. ఆవిడ ఏడిస్తే ఏడ్చేది. ఆవిడ చెప్పిందే పదిసార్లు చెప్తే పదిసార్లు వినేది. పొద్దుగూకితే లేచి, "పోయొస్త బిడ్డా" అని వచ్చేసేది. నాకు చిన్నప్పుడు అక్కడ విసుగు పుట్టేది, ఇంతసేపు ఏం చేస్తుందీ ముసల్ది అని. ముప్పావుగంట మౌనంగా ఫోన్ పట్టుకున్న రాత్రి నేను చేసింది అదేనని అమ్మ చెప్పేదాకా తట్టలేదు.

మొన్న సెమిస్టర్‌లో మా కాలేజీ పిల్లలు పన్నెండు మంది ముందుకొచ్చారు, ఇట్లాంటిదొకటి మొదలుపెడదాం మేడమ్ అని. ఫోన్ ఎవరు కొంటారని వాళ్ల మొదటి ప్రశ్న. ఫోన్ తర్వాత, మీకు తోడు నిలబడే డాక్టర్ ఒకరు దొరకాలి, అదీ తర్వాత, ముందు కూర్చోవడం నేర్చుకోండి అన్నాను. సాయంత్రం ఐదు దాటాక ఖాళీ గదిలో కుర్చీలు తిప్పి, వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టాను. మొదటి రోజు నవ్వులే నవ్వులు. "అట్ల కాదుర భయ్, నువ్వు ముందు జిమ్‌కు పో" అని ఒకడు మొదటి నిమిషంలోనే మొదలుపెట్టాడు. వాడిలో నన్ను నేను చూసుకున్నాను. మూడో వారానికి నవ్వులు తగ్గాయి. ఒకమ్మాయి చీటీలో రాసింది వదిలేసి, తన సొంత సంగతేదో మెల్లగా చెప్పుకుంటూ పోయింది. జిమ్‌కు పొమ్మన్న కుర్రాడే ఆమె వెనక ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, పెదవి కొరుక్కుంటూ, వింటున్నాడు. ఆమె ఆగింది. వాడూ ఆగాడు. మిగతా జంటలు కూడా ఎప్పుడాపాయో తెలియదు, గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.

తాళాల గుత్తితో అటెండర్ వచ్చి తలుపులోంచి తొంగిచూశాడు. "ఏం మేడమ్, పరీక్ష నడుస్తుందా?" అన్నాడు గుసగుసగా. కాదని తలూపాను. అతను కాసేపు అక్కడే నిలబడి, తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని, తలుపు ఓరగా వేసి వెళ్లిపోయాడు.